లెక్కలు మాత్రమే

ఆ గాజు పట్టకం చూడగానే లెక్కల మేడమ్‌కి ఒళ్ళు మండింది. ఫిజిక్స్ మాస్టారు దాన్ని ఆవిడ బల్ల మీద మరిచిపోవడం ఈ వారంలో ఇది రెండోసారి. మరుపట, మరుపు! చేతిరుమాలుతో తేలును పట్టినట్టు పట్టి అల్మారాలో పడేసింది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. ఈ పరాయి దేశం ఇచ్చిన వీసా మీద 'లెక్కలు మాత్రమే బోధించాలి' అని ఉంది. సొంతూళ్ళో ఏళ్ళ తరబడి చెప్పింది ఫిజిక్సే అయినా, ఇక్కడ ఖాళీ దొరికింది లెక్కలకి. నిరుడు సంగీతం టీచరు ఒక పూట పిల్లల చేత ఆటలాడించిందని ఎవరో వీసా ఆఫీసుకి ఉప్పందించారు. పాపం, పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోయింది. మేడమ్ వీసా ఈ వేసవితో అయిపోతుంది. పొడిగిస్తేనే ఇదే బడిలో కూతురి చదువు సాగుతుంది. లేకపోతే తల్లీకూతుళ్ళిద్దరూ ఇంటిదారి పట్టాలి.

ఇంట్లో ఆడపడుచు ఇంకాస్త ఆజ్యం పోసింది. ఆడపడుచు ఆ ఊరి ఆసుపత్రిలోనే నర్సు, మేడమ్ కూతురితో కలిపి ముగ్గురూ ఒకే వాటాలో ఉంటారు.

"వదినా, ఆ ఫిజిక్స్ మాస్టారు తన క్లాసు చూసిపెట్టమని అడిగాడా? పైగా టీ కూడా ఇప్పించాడా? ఏదో ఉంది."

"నాకూ అదే అనుమానం తల్లీ. ఆ నవ్వు చూస్తేనే తెలుస్తోంది."

"మెరిసే బూట్లేసుకుని ఎవరైనా వస్తే మాత్రం నోరు కుట్టేసుకో. అలాంటివి ఆఫీసువాళ్ళే వేస్తారు."

మర్నాడే వచ్చాయి బూట్లు. వాటిలో ఉన్న పెద్దమనిషిని ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చోబెట్టి, "క్లాసు చూస్తారట" అని చెప్పి జారుకుంది. మేడమ్ త్రిభుజాలు గీయడం మొదలుపెట్టింది. ఇంతలో ముందు వరుసలో ఒక పిల్ల లేచింది. ఆ పిల్ల చేతిలో ఇంకో పట్టకం!

"మేడమ్, ఇదీ త్రిభుజమే కదా. ఇందులోంచి వెలుగు పోతే రంగులెందుకొస్తాయి?"

మేడమ్ వెనక బెంచీ వైపు చూసింది. నాలుక చివరికొచ్చిన జవాబును బలవంతాన మింగింది.

"అది మన పాఠం కాదు. కూర్చో."

"పర్లేదండీ, మీకు తెలిసింది చెప్పండి," అన్నాడు వెనక నుంచి పెద్దమనిషి.

ఎర వేస్తున్నాడు!

"అబ్బే, నాకు ఫిజిక్స్‌లో ఓనమాలు కూడా రావండి."

ఆయన తల పంకించి ఏదో రాసుకున్నాడు. ఆ సాయంత్రం ఆడపడుచు వదిన భుజం తట్టింది. మేడమ్ హాయిగా నిద్రపోయింది.

వారం తిరక్కుండానే ప్రిన్సిపాల్ పిలిచింది.

"వచ్చే ఏడాది మీ లెక్కల పోస్టు తీసేస్తున్నారు. ఫిజిక్స్ మాస్టారేమో రిటైరవుతున్నారు. అందుకే మీ వీసాలో ఫిజిక్స్ కూడా చేర్చమని మేమే రాశాం. మీరు చెప్పగలరో లేదో చూడ్డానికే ఆయన వచ్చింది. ముందుగా మీకు చెప్పకూడదని వాళ్ళ నిబంధన. మీరేమో..."

"నాకొచ్చండీ! మా ఊళ్ళో ఏళ్ళ తరబడి అదే చెప్పాను!"

"మీ సర్టిఫికెట్లు చూపించాం. ఓనమాలు కూడా రావని మీ నోటితోనే అన్నారట. ఇంక మా చేతుల్లో ఏం లేదు."

మేడమ్ లేచింది. కూతురికి ఏం చెప్పాలి? వరండాలోకి వచ్చేసరికి ఫిజిక్స్ మాస్టారు ఎదురుచూస్తున్నాడు.

"వీసా వచ్చేసిందా? మీ పేరు చెప్పింది నేనే లెండి. పట్టకం మీ బల్ల మీద పెడితే మీకే అర్థమవుతుందనుకున్నాను. నిబంధన ప్రకారం నేను నోరు విప్పకూడదు కదా! ఆ పిల్ల సరిగ్గానే అడిగిందా? నేనే నేర్పి పంపాను."

పిల్ల దగ్గర తీసుకున్న పట్టకాన్ని ఆవిడకు అందించాడు. "ఇక ఇది మీదే."

ఆవిడ చేతిరుమాలు లేకుండానే అందుకుంది. ఆయన ఆవిడ జవాబు కోసం నవ్వుతూ చూస్తున్నాడు. ఆ నవ్వులో ఇన్నాళ్ళూ ఏ మోసమూ లేదు.