వినడానికి కుట్టిన తెర

నేను ఒక తెరను. నాటకాల తెరను కాను, పెళ్లిలో వధూవరుల మధ్య పట్టే అడ్డుతెరనూ కాను. సికింద్రాబాదు మోండా మార్కెట్లో ఒక బట్టల కొట్టు తానులోంచి నన్ను చించారు. అంతకు ముందు నాకు చెప్పుకోదగ్గ జీవితం లేదు.

నన్ను ఎంచుకున్న మనిషి పేరు శాంతవర్ధనం. పగలు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, సాయంత్రాలు లాలాగూడ సింఫనీ అనే పాశ్చాత్య వాద్యబృందంలో ఫ్రెంచ్ హార్న్ వాయించేవాడు. నత్తగుల్లలా చుట్టుకున్న ఇత్తడి గొట్టం అది. ఆ రోజు ఆయన దాన్ని కొట్టుకే మోసుకొచ్చాడు. గుమాస్తాలు గుడ్డ చాచి పట్టుకుంటే దాని వెనక నిలబడి ఊదాడు. మఖమల్ శబ్దాన్ని మింగేసింది. మల్లు గుడ్డలోంచి మనిషి ఆనవాలు కనిపించింది. ముదురు నీలం రంగు నూలు గుడ్డనైన నా వంతు వచ్చేసరికి కొట్టు ముందు యాభైమంది పోగయ్యారు.

టైలర్ మస్తాన్ వలీ కొలతలు రాసుకుంటూ అడిగాడు, "ఇంతకీ దేనికి సార్ ఇది?"

"మనిషి కనపడకూడదు, వాయిద్యం వినపడాలి. కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు మధ్యలో కడతాం. ఆడో మగో, మనవాడో పైవాడో తెలియకుండా."

"మంచిదే. మా కమిటీలో కూడా ఇట్లాంటిది ఒకటి కడితే బాగుండు" అన్నాడు మస్తాన్ వలీ. ఏ కమిటీయో చెప్పలేదు.

లాలాగూడ సింఫనీకి యజమాని లేడు. పూర్వం దాన్ని నడిపిన క్లబ్బు మూతపడినప్పుడు, డెబ్బై రెండు మంది కళాకారులు ఒక బడి హాల్లో కూర్చుని, ఇక మనల్ని మనమే నడుపుకుందామని తీర్మానించుకున్నారు. మనిషికి ఒక ఓటు. తమలోంచే ఏడుగురి కమిటీ. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని పిలిచి నడిపించమనాలో, ఏ ఊళ్లో వాయించాలో అంతా ఓటు మీదే. చేతిలో సన్నటి పుల్లతో అందరినీ ఆడించే కండక్టరుకు మాత్రం ఓటు లేదు. ఆయన వాళ్లు పిలిస్తే వచ్చేవాడు. ఒకసారి గోవా నుంచి వచ్చిన పెద్దాయన, తనకు నచ్చిన వయొలిన్ కుర్రాణ్ని చేర్చుకోమని పట్టుబట్టాడు. కమిటీ ఆయనకు కాఫీ ఇచ్చి, నియమావళి చదివి వినిపించింది. ఆయన కాఫీ మాత్రం తాగాడు.

నా పని తేలిక. నాకు అవతల అభ్యర్థి, ఇవతల వినడానికి కూర్చున్న పదకొండు మంది, కమిటీవాళ్లు ఏడుగురూ మరో నలుగురు కళాకారులూ. అవతలి మనిషికి పేరుండదు, అంకె ఉంటుంది. నడకను బట్టి పోల్చుకోకుండా చెప్పులు బయటే విప్పించేవారు, మాట్లాడనిచ్చేవారు కాదు. అయినా ఇవతలివాళ్లు ఊహించడం మానలేదు. "ఇది కచ్చితంగా మగవాడి ఊపిరి" అని ఒకాయన ధీమాగా చెప్పిన రోజున నన్ను పక్కకు లాగితే, ఏడో నెల కడుపుతో ఒకావిడ నిలబడి ఉంది. ఆయన చీటీలో అప్పటికే 'అవును' అని రాసి ఉన్నాడు, కాబట్టి నష్టమేమీ జరగలేదు.

ఏళ్లు గడిచాయి. వాయించేవాళ్లు బాగుపడ్డారు, వినేవాళ్లు తగ్గారు. తొమ్మిదివందల కుర్చీల హాల్లో రెండొందల మంది కూర్చునేవారు, అందులోనూ సగం బంధువులు. ఆ సంవత్సరం సర్వసభ్య సమావేశంలో శాంతవర్ధనం రెండు తీర్మానాలు పెట్టాడు. మొదటిది, జనం రాకపోతే మనమే వెళ్దాం, ఫ్యాక్టరీల్లో భోజనం వేళ అరగంట వాయిద్దాం అని. "మనమేమన్నా బ్యాండు మేళమా?" అని ఎవరో అన్నారు. తీర్మానం వీగిపోయింది. రెండోది, అరవై దాటిన ప్రతివాళ్లనూ రెండేళ్లకోసారి తెర వెనక నిలబెట్టి మళ్లీ వినాలని. అది చప్పట్లతో నెగ్గింది. ఆ సభలో అరవై దాటినవాళ్లు ఐదుగురే. శాంతవర్ధనానికి అప్పటికి యాభై ఏడు.

ఆయనకు అరవై ఒకటి నిండిన ఏడాది మూడో నంబరు చీటీతో నా వెనకకు వచ్చాడు. అప్పటికి ఉద్యోగ విరమణ అయింది. పైపలువరస కొత్తగా కట్టించుకున్నాడు. హార్న్ వాయించేవాడికి పెదవికీ పంటికీ మధ్యనే ప్రాణముంటుంది. ఆయన ముఖం చూసింది నేనొక్కదాన్నే. మొదటి భాగం హుందాగా సాగింది. పైస్థాయి స్వరం దగ్గర గొంతు జీరపోయినట్టు శబ్దం చీలింది. కళ్లు మూసుకుని ఊపిరి పట్టి, మళ్లీ అదే చోటికి ఎక్కాడు. మళ్లీ చీలింది.

ఇవతల వరస మధ్యలో కమిటీ అధ్యక్షురాలు కస్తూరి కూర్చుని ఉంది. పెద్ద వయొలిన్ లాంటి చెల్లో వాయిస్తుంది, బడిలో లెక్కలు చెబుతుంది. పదకొండేళ్ల వయసులో ఆమెకు స్వరలిపి నేర్పింది శాంతవర్ధనమే. ఆ శబ్దం ఎవరిదో ఆమెకు మొదటి ఊపిరికే తెలిసిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. కలం పట్టుకుని చాలాసేపు కాగితాన్ని చూసింది. తరువాత ఒకే మాట రాసి మడిచింది.

చీటీలు విప్పితే నాలుగు అవును, ఏడు కాదు.

బసూన్ ఊదే ఇక్బాల్ గొంతు తగ్గించి అన్నాడు, "ఎవరో అందరికీ తెలిసిపోయింది కదమ్మా. ఆయనకి ఇంకో అవకాశం ఇద్దాం. ఇంకోసారి విందాం."

"ఎవరో తెలిసింది కాబట్టి ఇంకోసారి వింటే, మరి ఇన్నాళ్లూ వెనక్కి పంపినవాళ్లకి ఏం చెబుతాం, ఇక్బాల్ భాయ్?"

 ఫలితం ఉత్తరంలో పంపడం ఆనవాయితీ. కస్తూరి ఉత్తరం రాయలేదు. లేచి, నా అంచు ఎత్తి, అవతలికి వచ్చింది. ఆయన హార్న్‌ను తలకిందులు చేసి గొట్టంలో చేరిన తడిని విదిలిస్తున్నాడు.

"మాస్టారూ, కాలేదు."

"నువ్వేం రాశావు?"

"చాలదని రాశాను."

ఆయన గుడ్డతో ఇత్తడిని తుడిచాడు, తుడిచినచోటే మళ్లీ తుడిచాడు. "రెండుసార్లు జారింది. నేనున్నా అదే రాసేవాణ్ని" అన్నాడు. ఆ మాట నిజమే. అయినా వెళ్తూ కస్తూరి వైపు తిరిగి చూడలేదు. ఆ తరువాత ఐదు నెలలపాటు ఆమె ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. ఒకసారి ఆమే ఇంటికి వెళితే భార్య చేత పడుకున్నాడని చెప్పించాడట. ఆయన కుర్చీలోకి కాజీపేట నుంచి స్వరూప అనే ఇరవై మూడేళ్ల అమ్మాయి వచ్చింది. ఆమెనూ నా వెనకనుంచే విన్నారు. పదకొండుకు పదకొండు.

ఫిబ్రవరిలో జరిగిన సర్వసభ్య సమావేశానికి ఆయన చెప్పాపెట్టకుండా వచ్చాడు. నన్ను చుట్టి అదే హాల్లో గోడకు ఆనించి ఉంచారు. చెయ్యెత్తి లేచి నిలబడ్డాడు.

"నా కుర్చీ తీసుకున్నారు. సభ్యత్వం ప్రకారం నా ఓటు మార్చి దాకా ఉంది. అందుకని మాట్లాడతాను. నా ఒక్క కుర్చీ ఎలా నింపాలా అని మీరు పదిహేను రోజులు తర్జనభర్జన పడ్డారని విన్నాను. హాల్లో ఏడొందల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వాటి గురించి ఒక్కరోజన్నా కూర్చున్నారా?"

పాత తీర్మానమే మళ్లీ పెట్టాడు. ఈసారి బ్యాండు మేళం మాట ఎవరూ ఎత్తలేదు. మొదట చెయ్యెత్తింది కస్తూరి. తరువాత ఒక్కొక్కరే ఎత్తారు, కొందరు ఇష్టంగా, కొందరు పక్కవాళ్లను చూసి.

మొదటి కచేరి ఆయన ముప్పై ఆరేళ్లు పనిచేసిన వర్క్‌షాపు క్యాంటీన్లో పెట్టారు. వెనక రేకుగోడ మోత ఆపడానికి నన్ను పట్టుకెళ్లి కట్టారు. కచేరిలో జనం ముందు నిలబడటం నాకు అదే మొదలు. నాలుగొందల మంది టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. ఇరవై ఐదు మంది వాయించడం మొదలుపెట్టారు. గిన్నెల చప్పుడు ఆగలేదు, మాటలు ఆగలేదు. శాంతవర్ధనం రెండు నిమిషాలు ఓపిక పట్టి, లేచి వెళ్లి కండక్టరు చెయ్యి పట్టుకుని ఆపేశాడు. సింఫనీలో అది జరగకూడని పని.

"అన్నం తినుండ్రి, తినొద్దంటలేను" అన్నాడు తన పాత సావాసగాళ్లతో. "ఒక్కటి చెప్త. ఈ పిల్ల పేరు స్వరూప. ఇన్నేండ్లు నేను కూసున్న కుర్చీల ఇప్పుడు కూసుంది. నాకంటే మంచిగ ఊదుతది. ఎట్ల ఊదుతదో మీరే ఇనుండ్రి."

స్వరూప ఒక్కతే లేచి ఊదింది. ఆయనకు రెండుసార్లు చీలిన స్వరం ఆమెకు నూనె రాసినట్టు జారుతూ వచ్చి, రేకుల కప్పు కింద నిలిచింది. గిన్నెలు ఆగాయి. వెనకనుంచి ఒక వెల్డరు అరిచాడు, "ఇంకొక్కపాలి ఊదమనుండ్రి సారు!" మళ్లీ ఊదింది. శాంతవర్ధనం నా పక్కనే నిలబడి ఉన్నాడు. సంతోషమో దుఃఖమో నేను చెప్పలేను. నా అంచును గుప్పిట్లో నలిపి పట్టుకున్నాడు.

ఆ తరువాత వర్క్‌షాపువాళ్లు పిల్లాజెల్లాతో ఆదివారాలు హాలుకు రాసాగారు. సంగీతం పూర్తికాకుండానే మధ్యలో చప్పట్లు కొట్టేవారు. అది సింఫనీ మర్యాద కాదని, దాన్ని నిషేధించాలని ఒక తీర్మానం వచ్చింది. రెండు గంటలు వాదించుకుని, మనుషులు సంతోషపడితే ఆపే అధికారం తమకు లేదని తేల్చారు. అంత వివేకానికి రెండు గంటలు పట్టడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

మార్చిలో శాంతవర్ధనం ఓటు పోయింది. గౌరవ సభ్యత్వం ఇస్తామని కస్తూరి ఆయన ఇంటికి వెళ్లి చెప్పింది. "ఓటు లేని గౌరవం నాకెందుకమ్మా?" అన్నాడట. ఈసారి మాత్రం లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి మరీ అన్నాడట. ఆమె ఏడాదిపాటు అందరితో మాట్లాడి, నియమావళిలో ఒక వాక్యం చేర్పించింది. కమిటీలో ఎనిమిదో స్థానం శ్రోతలది, శ్రోతలే ఎన్నుకోవాలి. హాలు గుమ్మం దగ్గర పెట్టె పెట్టారు. ఎవరు గెలిచారో చెప్పనవసరం లేదు.

నేను ఇప్పుడు పాతబడ్డాను. మడతల దగ్గర వెలుగు కనిపిస్తోందని కొత్త తెర కుట్టించారు. కమిటీ గదిలో పియానో మీద దుమ్ము పడకుండా నన్ను కప్పారు. సమావేశాలన్నీ వింటాను. శాంతవర్ధనం మొదటిసారి శ్రోతల తరఫున వచ్చిన రోజు, బల్ల చుట్టూ తన పాత చోటు వదిలేసి, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"చెప్పండి మాస్టారూ, మనవాళ్లు ఏమంటున్నారు?" అంది కస్తూరి.

ఆయన జేబులోంచి కాగితం తీసి, కళ్లజోడు సవరించుకున్నాడు.

"మావాళ్లు," అన్నాడు, "నాలుగో వరసలో వినపడటం లేదంటున్నారు."