వేళ్ళతో చూసే పిట్టలు

మా ఆవిడ పిట్టల పుస్తకం ఒకటి తయారుచేసింది. చూపులేనివాళ్ళకోసం. చెక్కలో పిట్టని గుంటగా చెక్కుతుంది. తడిపిన దళసరి కాగితం దానిమీద పరిచి నేను మరలో బిగిస్తాను. ఆరాక పిట్ట కాగితంమీద ఉబ్బి వేళ్ళకి తగులుతుంది.

మొదటి బొమ్మ ఆమె తమ్ముడి చేతికిచ్చాం. వాడికి పుట్టుకతోనే చూపు లేదు. కూత వింటే ఏ పిట్టో చెప్పేస్తాడు. ఏ పిట్ట ఏం చేస్తుందో అక్క చెప్పగా విన్నాడు. ఆకారాలే తెలీవు. కాగితమంతా తడిమాడు.

"అక్కా, ఇది పిట్టా, దువ్వెనా?"

మా ఆవిడ మొహం మాడిపోయింది. ఒక్కో ఈకా గీసి గీసి చెక్కింది మరి. కంటికి ముచ్చటగానే ఉంది. వేళ్ళకి గరుకు తప్ప ఏమీ అందలేదు.

మళ్ళీ మొదలుపెట్టింది. ఈకలు లేవు. ముక్కు, తోక, కాళ్ళు, కూర్చునే తీరు. అంతే.

"మరీ బోడిగా ఉన్నాయే" అన్నాను.

"మీకోసం కాదులెండి."

ప్రచురణకర్త మొహమాటం లేని పెద్దావిడ. "వేళ్ళతో పోల్చుకుంటేనే అచ్చు. లేకపోతే లేదు" అని ముందే చెప్పింది. బావమరిదిని వెంటబెట్టుకుని ఆమె ఆఫీసుకి వెళ్ళాం. కొత్త బొమ్మలు వాడింకా ముట్టుకోలేదు.

"మీరిద్దరూ నోరు విప్పకూడదు" అంటూ ఆమె మా బొమ్మల కట్టలోంచి ఒక కాగితం లాగి వాడిముందు పెట్టింది.

వాడి వేళ్ళు మెల్లగా నడిచాయి. "నిలువు మానుని కరుచుకుంది. తోక ఊతం పెట్టింది. ముక్కు ఉలిలా ఉంది. వడ్రంగిపిట్టండీ."

"గుడ్డిగా చెప్పేశాడేమో" అని ఆమె నాలిక్కరుచుకుంది.

"నేనేం చెప్పినా గుడ్డిగానే కదండీ!" వాడు పగలబడి నవ్వాడు.

ఆమె ఇంకో కాగితం పెట్టింది. మా ఆవిడ గోళ్ళు నా చేతిలో దిగాయి.

"ఇంత తల, ఇంత ముక్కు. తోకేమో ఉందా లేదా అన్నట్టుంది." ఆగాడు. వేళ్ళు మళ్ళీ ముక్కు దగ్గరికే వెళ్ళాయి. "చెరువులో బుడుంగుమని దూకేది ఇదేనా అక్కా? ఈ ముక్కుతోనేనా?"

అక్క పెదవులు బిగపట్టుకుని కూర్చుంది.

"లకుముకిపిట్ట!" వాడు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "చప్పుడే విన్నాను ఇన్నాళ్ళూ. ఇలా ఉంటుందా! బావా, ఇలా ఉంటుందా ఇది!"

ప్రచురణకర్త అప్పటికే అచ్చాఫీసుకి ఫోన్ చేస్తోంది. "దళసరి కాగితం తెప్పించండి. పిట్టల పుస్తకం. అవునయ్యా, వేస్తున్నాం!"

మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, బొమ్మ కట్టలో పెడదామని చెయ్యి చాపింది. వాడు దాన్ని గుండెకి హత్తుకున్నాడు.

"ఇవ్వను పో. ఇంకోటి బావచేత తీయించుకో."

ఎన్నయినా తీస్తానన్నాను.