ఖాళీ మిషన్

"వెంకటనారాయణగారూ, నాలుగింటికి మళ్లీ చేస్తాను. తప్పు ఆమెదేనంటే ఈ రోజే పంపించేస్తాను," అని ఏన్కూరు డాక్టరుగారు ఫోన్ పెట్టేశారు. ఆమె అంటే నాంచారమ్మ, ఆయన ప్రైవేటు ఆసుపత్రిలో మందుల స్టాకు కంప్యూటర్లో ఎక్కించే మనిషి. అడవి పల్లెల నుంచి వచ్చేవాళ్లకు గడువు దాటిన మందు పోకూడదని మేం ఖమ్మంలో రాసిచ్చిన ప్రోగ్రాం, గడువు తేదీ కొట్టగానే ఏదో దొరకలేదంటూ ఆగిపోతోందట. ఆమే ఏదో ఫైలు తుడిచేసి ఉంటుందని పోయిన వారమే తేల్చేశాను.

ఎందుకనకూడదు? 1996లో ఖమ్మంలో ఇంకెవరికుంది నాలాంటి ఏర్పాటు? పొద్దున మిషన్ ఆన్ చేస్తే చాలు, ప్రోగ్రాం ముక్కలన్నీ కలుపుకుని దానంతటదే బిల్డయి, అరవై పరీక్షలు తనే పెట్టుకుని, అన్నీ పాసని చెబుతుంది.

"మన మిషన్ల పాత ఫైళ్లన్నీ ఉన్నయ్ సార్, పాస్ గాక ఏమైతది? ఏం లేని మిషన్ల పెట్టి సూద్దాం," అంది కొత్తగా చేరిన ప్రోగ్రామర్ లాలి. నాకు ఒళ్లు మండింది.

"ఖాళీ మిషన్ ఎక్కడుంది?"

"గిదే ఖాళీ జేస్త," అంటూ మూత విప్పి హార్డ్ డిస్కు తీగ పీకేసింది. ఏన్కూరుకు పంపిన ఫ్లాపీల నకలు పెట్టి, వాటితోనే నడిపింది. టైము మూడున్నర. నేను కూర్చోలేక లేచాను, నిలబడలేక కూర్చున్నాను. తప్పు నాంచారమ్మదే కావాలని మనసులో మొక్కుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

లాలి గడువు తేదీ కొట్టింది. ప్రోగ్రాం ఆగిపోయింది. తేదీలు సరిచూసే మాడ్యూల్ ఫైలు దొరకలేదట. అది నేను పాత పనికి రాసుకున్నది. నా డిస్కులో ఏ మూలో పడి ఉంది కాబట్టి ఇక్కడ రోజూ దొరికింది. ఫ్లాపీల్లోకి ఎక్కించాల్సిన జాబితాలో దాని పేరు రాయడమే మరిచాను.

ఫోన్ మోగింది.

"తప్పు నాదే డాక్టరుగారూ."

"ఇక్కడే కూర్చుంది. ఆ మాట ఆమెకే చెప్పండి."

"నేనేం తుడపలే గద సార్?" అడిగింది నాంచారమ్మ.

"లేదమ్మా. నేనే పంపలేదు."

"గట్ల గాదు సార్. జర గట్టిగ చెప్పుండ్రి. వారం సంది అందరు నన్నే అంటున్నరు."

ఫోన్‌ను గదిలో ఉన్నవాళ్లందరి వైపు చాపినట్టుంది. ఎవరిదో దగ్గు, కుర్చీ జరిగిన చప్పుడు వినిపించాయి.

లేచి నిలబడి అరిచాను. "నాంచారమ్మ ఏ ఫైలూ తుడవలేదు. పంపడం మరిచింది నేను!"

"ఇంకోపారి," అంది నాంచారమ్మ.