మిస్ హెలెన్ గెలిచిన పద్యం

"మూత ఏదండీ?"

స్టీలు డబ్బా చేత్తో పట్టుకుని శాంతమేరి వంటింటి మధ్యలో నిలబడింది. బాలశౌరి టోస్టు మీద వెన్న రాస్తున్నాడు. మూలలు వదలకుండా అంచుల దాకా రాయడం అతని అలవాటు. ఇప్పుడు ఇంకాస్త నెమ్మదిగా రాశాడు.

"ఇంట్లోనే ఉంటుంది."

"ఇంట్లో లేదు. సున్నుండలు పట్టుకెళ్ళి ఆ హెలెనమ్మ దగ్గర మర్చిపోయారు. డబ్బా తెచ్చి మూత వదిలేసి వచ్చే మనిషిని మిమ్మల్నే చూశాను."

"ప్లాస్టిక్ మూతలు బోలెడున్నాయిగా."

"వాటి మీద మా అమ్మ నా పేరు కొట్టించిందా?"

పెళ్ళి సామాను కొన్నప్పుడు గిన్నె గిన్నెకీ, మూత మూతకీ పేరు కొట్టించారు. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన శాంతమేరి ఇంకా నర్సు బట్టలు కూడా మార్చుకోలేదు. నిద్ర లేని కళ్ళతో డబ్బాని సింకు పక్కన గట్టిగా పెట్టింది.

"ఈవేళ గురువారమేగా, ఎలాగూ వెళ్తారు. మూత లేకుండా ఇంటికి రాకండి."

"ఈవేళ ఆవిడతో వేరే పనుంది."

"ఏం పని? ఆ తలుపు గొడవేగా! పద్యంలో ఎవరో తలుపేసుకుంటే మీకెందుకు, తీసుకుంటే మీకెందుకు? అమ్మాయి దగ్గరికి స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళిపోయే సంగతి మాత్రం తేల్చరు. ఎప్పుడడిగినా గురువారాలు, గురువారాలు."

బాలశౌరి టోస్టు సగం వదిలేసి తాళాలు తీసుకున్నాడు.

అతనికి అరవై దాటాయి. సన్నటి మనిషి. చొక్కా కాలరు మెడ కంటే ఒక సైజు పెద్దది. ఫాదర్ అవుదామని గుంటూరు సెమినరీలో చేరి, లాటిన్ నేర్చుకుని, గురుపట్టం తీసుకోకుండానే బయటికి వచ్చేశాడు. భార్యకి ఉద్యోగం వస్తే ఆమె వెంట మెల్‌బోర్న్ చేరి, చాలాకాలం గోడౌనులో పెట్టెలు ఎత్తాడు. ఒక ప్రైవేటు స్కూల్లో లాటిన్ చెప్పే మిస్ హెలెన్ అతన్ని సహాయకుడిగా తీసుకుంది. ఆమె రిటైరయ్యాక ఆ పాఠాలు అతనికి వచ్చాయి.

మొదటి నెలలోనే ఇద్దరికీ ఒక పద్యం మీద తగువు పడింది. ఎనిమిది పాదాల పద్యం, కవి ఎవరో తెలియదు. భర్త ఓడెక్కడానికి కొండదారిన దిగిపోతుంటాడు. అతను మలుపు తిరగకముందే భార్య లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టేస్తుంది. ఎందుకు పెట్టిందో కవి చెప్పడు. కోపంతో, అంటాడు బాలశౌరి. "కాదు. ఆమె గడియ పెట్టింది అతని మీద కాదు, తన కాళ్ళ మీద. లేకపోతే వెనకే పరిగెత్తేది" అంటుంది మిస్ హెలెన్.

ఏళ్ళ తరబడి ఆమె ఎన్ని రుజువులు చూపించినా అతను ఒప్పుకోలేదు. ఫిరంగిపురం నుంచి తను ఆస్ట్రేలియాకి బయల్దేరిన రోజున, కారు కదలకముందే తన తల్లి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కొడుకు ఫాదర్ కాలేదన్న కోపం ఆమెకి పోలేదనే అతను నమ్మాడు. ఈ సంగతి మిస్ హెలెన్‌కి ఎప్పుడూ చెప్పలేదు.

కిందటి ఆదివారం కూతురు లిఖితని టుల్లమరీన్ విమానాశ్రయంలో దింపాడు. ఆమెకి బ్రిస్బేన్‌లో ఉద్యోగం, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు. కూతురు పెట్టె లాక్కుంటూ గాజు తలుపు దాకా వెళ్ళకముందే అతను కారు తీసేశాడు. ఫ్రీవే ఎక్కాక గానీ తను ఏం చేశాడో అతనికి తెలియలేదు. కారు పక్కకి ఆపి చాలాసేపు కూర్చున్నాడు.

కూతురి మీద అతనికి కోపమేం లేదు. మిస్ హెలెన్ చెప్పిందే నిజం. ఆ మాట ఆమెకి చెప్పాలి. కేర్ హోమ్‌లో చేరాక ఆమెకి జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఇంకా అర్థమవుతుండగానే చెప్పాలి.

స్కూల్లో లాటిన్‌కి ఈ డిసెంబరే ఆఖరు. క్లాసులో ఇద్దరమ్మాయిలు మిగిలారు. ఈవేళ వాళ్ళకి ఆ పద్యమే చెప్పాడు.

"కోపమా, బాధా? పరీక్షలో ఏది రాయాలి సర్?" అని ఒకమ్మాయి ఇంగ్లీషులో అడిగింది.

"ఇన్నాళ్ళూ కోపమని చెప్పాను. తప్పేమో."

"మా అక్క కోపమనే రాసింది. ఫుల్ మార్క్స్ వచ్చాయి."

"మీ అక్కకి నా తరఫున సారీ చెప్పు."

ఇద్దరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

కేర్ హోమ్ నడవాలో ఉడికించిన క్యారెట్ల వాసన. మిస్ హెలెన్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు మూత. బొటనవేలు దాని అంచు చుట్టూ తిరుగుతోంది. అతను సున్నుండలు తెచ్చినప్పుడల్లా ఆ మూత మీద చెంచాతో తాళం వేస్తూ పద్యం చదివించేది.

"మిస్ హెలెన్, నేను ఓడిపోయాను. తలుపు విషయంలో మీరు చెప్పిందే రైటు."

ఆమె మర్యాదగా నవ్వింది. "ఏ తలుపు, డియర్? చలిగా ఉంటే వేసెయ్యండి."

అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తల్లి సంగతి చెప్పాడు. టుల్లమరీన్ సంగతి చెప్పాడు. "అయ్యో పాపం" అందామె, రెండింటికీ ఒకే గొంతుతో.

అప్పుడతనికి ఒక ఉపాయం తోచింది. సెమినరీలో లాటిన్‌ని పూజలో పాడినట్టు పలకడం నేర్పారు. రోములో ఆ రోజుల్లో అలా పలికేవాళ్ళు కాదని మిస్ హెలెన్ పట్టుదల. అతని నోట ఆ ఉచ్చారణ ఒక్కటి దొర్లినా చెంచాతో మూత మోగించేది. "ఇది చర్చి కాదు, షోరీ!" అనేది, శౌరి అనడానికి నోరు తిరగక.

అతను ఎనిమిది పాదాలూ కావాలని సెమినరీ ఉచ్చారణలోనే చదివాడు. ప్రతి పాదం చివరా ఆగాడు. చెంచా పక్కనే ఉంది. ఆమె కళ్ళు మూసుకుని చివరి దాకా విన్నది.

"ఎంత బాగుంది! మీరు ఫాదరా?"

ఆమె జన్మలో చర్చి గడప తొక్కలేదు. ఇప్పుడు తెల్లటి తల వంచి, ఆశీర్వాదం కోసం ఎదురుచూస్తోంది.

బాలశౌరి చెయ్యి లేచింది. గాల్లోనే ఆగిపోయింది.

"కాదమ్మా" అన్నాడు తెలుగులో.

వంచిన తల అలాగే ఉంది. అతను చెయ్యి దించి, జారిన శాలువా సర్దాడు. మూత అందుకోబోతే ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. వదిలేశాడు. బయటికి వచ్చి, వెనక్కి చూడకుండా తలుపు దగ్గరికి లాగాడు.

రాత్రి అన్నాల దగ్గర శాంతమేరి ఫోన్‌ని నీళ్ళ జగ్గుకి ఆనించింది. తెరలో లిఖిత నూడుల్స్ తింటోంది.

"నాన్నా, హౌ వాజ్ మిస్ హెలెన్?"

"బాగానే ఉంది."

"డిడ్ యూ టెల్ హర్? ఆవిడే గెలిచిందని చెప్తానన్నావుగా."

అతను పప్పు కలుపుకుంటున్నాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు.

"జనవరిలో ఇల్లు అమ్మకానికి పెడదాం శాంతా. స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళిపోదాం."

శాంతమేరి చేతిలో గరిటె ఆగింది. ఎన్నాళ్ళుగానో అడుగుతున్న మాట అది. ఆమె అతని మొహంలోకి చూసి, సంతోషపడలేకపోయింది.

"మరి గురువారాలు?"

"అయిపోయాయి."

"ఆర్ యూ సీరియస్?" అంటోంది లిఖిత.

శాంతమేరి మెల్లిగా అడిగింది. "మూత?"

"ఆవిడ పట్టుకుంది. తీసుకోలేకపోయాను."

ఆమె లేచింది. మిగిలిన పప్పు స్టీలు డబ్బాలో వేసి పైన ఒక సాసర్ పెట్టింది. సాసర్ కొంచెం చిన్నది. ఒక పక్క లోపలికి ఒరిగి, రెండో పక్క తెరుచుకునే ఉంది.