గాజుగోడకు ఇవతల

పోచయ్య దూది తుంచి స్పిరిటులో ముంచి, ఎదుటి ఖాళీ కుర్చీ వంక చూసి, విసురుగా చెత్తడబ్బాలో పడేశాడు. కొండాపూర్ బస్తీ దవాఖానలో ఏళ్ళ తరబడి రక్తం తీస్తున్న మనిషి. బండబారిన వేళ్ళు, ముక్కు కొనకు జారిన కళ్ళజోడు, జేబు మీద ఆరని సిరా మరక. నిరుడు సర్కారు ఒక ప్రైవేటు కంపెనీతో భాగస్వామ్యం కుదుర్చుకుని, అతని గదికి నడుమ గాజుగోడ కట్టించింది. అవతల ఏసీ, కొత్త మిషన్లు, కంపెనీ పెట్టుకున్న నంద్యాల పిల్ల ప్రవీణ. ఇవతల ఫ్యాను, పోచయ్య.

రక్తం ఇద్దరిలో ఎవరి దగ్గరిచ్చినా ఒకటే. అయినా మాదాపూర్ ఆఫీసుల్లో ఊడ్చే ఆడవాళ్ళూ, హాస్టళ్ళ వంటవాళ్ళూ ఆ పిల్ల దగ్గరే బారులు తీరేవారు. పోచయ్యకు కడుపు మండిపోయేది. ఆమె వచ్చినవాళ్ళను ఊరి సంగతులడుగుతూ సూది దించేస్తుంటే, ఈ కబుర్లకేనా కంపెనీ జీతమిచ్చేది అని పళ్ళు నూరేవాడు.

ఆ పొద్దున షుగర్ పరీక్షకని భార్య చంద్రమ్మ వచ్చింది. పోచయ్య గబగబా కుర్చీ తుడిచాడు.

“ఏమనుకోకు. ఆ పిల్ల గుచ్చితే గుచ్చినట్టే తెల్వది,” అని చంద్రమ్మ గాజు తలుపు నెట్టుకుని పోయింది.

లోపల ఇద్దరూ నవ్వుకోవడం కనబడింది గానీ వినబడలేదు. తన గురించేనని పోచయ్య తీర్మానించుకున్నాడు. కట్టుకున్న పెళ్ళాం కూడానా! చెవులు భగ్గుమన్నాయి.

కాసేపటికి పెద్దాఫీసరు వచ్చాడు, వెంట టై కట్టిన కంపెనీ మేనేజరు. ఒప్పందం పొడిగించే ముందు సర్కారు మనిషిని ఒక మాట అడగడం దవాఖానల్లో రివాజు.

“కంపెనీవాళ్ళ పని ఎట్లుంది పోచయ్యా?”

“మంచిగనే ఉంది సార్. గని...”

“గని ఏంది?”

“ఆ పిల్లకు ముచ్చట్లు జాస్తి. పని మీద ధ్యాస లేదు.”

ఆఫీసరు మేనేజరు వంక చూశాడు. మేనేజరు ఫోను పట్టుకుని బయటికి నడిచాడు. ఇన్నాళ్ళకు తన మాటకో విలువ వచ్చిందని పోచయ్యకు ఆ మధ్యాహ్నం అన్నం మహా రుచిగా తోచింది.

సాయంత్రం ప్రవీణ భుజాన బ్యాగుతో ఇవతలికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“పోయొస్తా సార్. రేపట్నుంచి రావద్దన్నారు. ఎవరో నా మీద చెప్పినారంట. మీరు నా తరఫున మాట్లాడే ఉంటారు. మా మేనేజరు ఇన్లేదేమో.”

పోచయ్య సిగ్గుతో తలవంచుకుని బల్ల మీది దూది సర్దసాగాడు.

“పరగడుపున వచ్చే ముసలోళ్ళకు కళ్ళు తిరుగుతాయి సార్. రక్తం తీసినాక తలా రెండియ్యండి,” అంటూ ఏదో బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

పిలుద్దామని లేచాడు. పిలిచి ఏం చెప్పాలో తెలియక మళ్ళీ కూలబడ్డాడు.

బల్ల మీద సగం మిగిలిన బిస్కెట్ల పొట్లం. మెత్తబడకుండా దాని మూతికి ప్రవీణ తన జడ రబ్బరుబ్యాండు చుట్టింది, అందులో పొడవాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది.