బావమరిది ఆధిక్యం

టీవీ ఆఫీసులో ఆయన్ని అందరూ లెక్కలాయన అంటారు. ఓట్లు సగం కూడా లెక్కపెట్టకముందే ఎవరు గెలిచారో తేల్చడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం ఇవాళ వానొస్తుందా అని కూడా ఆయన్ని ఎవరూ అడగరు.

ఆ రాత్రి తెర మీద ఆయన బావమరిది రెండువేల వంద ఓట్లు ముందున్నాడు. ఇది నాలుగోసారి నిలబడటం. ముందుండటం మాత్రం ఇదే మొదలు.

చిక్కల్లా ఒకటే. లెక్కపెట్టినవన్నీ అతని సొంత పేట పెట్టెలు. మిగిలినవి ఏటి అవతలివి. అక్కడ ఓటేసి బయటికొచ్చినవాళ్లని అడిగితే, ప్రతి నలుగురిలో ముగ్గురు ప్రత్యర్థికే వేశామన్నారు.

అతను ఓడాడని వార్తల్లో చదవాలంటే కాగితం మీద రెండు సంతకాలు పడాలి. పక్క సీటావిడ తనది గీకేసి, కాగితం ఇటు తోసింది. అంతలో బావమరిది ఇంటి నుంచి భార్య ఫోను.

"ఏవండీ, చూశారా! మావాడు గెలిచేశాడు! ఇల్లంతా జనమే!"

"గెలవలేదు. ముందున్నాడు."

"రెంటికీ తేడా ఏంటట?"

"ఏటి అవతల పెట్టెలు."

భార్య గొంతు తగ్గింది. "అయితే ఓ అరగంట ఆగండి. ఏదో దేశంలో పోటీ చేసినవాళ్లందర్నీ వేదికెక్కించి, ఆఖరి ఓటు దాకా లెక్కపెట్టాకే చదువుతారని మీరేగా చెప్పారు. ఇంకో దేశంలో ఫలితానికి నెల పడుతుందన్నారు. మీకేనా కొంపలంటుకునేది? వాణ్ణి కాసేపు గెలవనివ్వండి."

అడక్క అడిగింది. ఆయన కలం పక్కన పెట్టి, టీ తాగాడు. చల్లారిపోయింది. అయినా తాగాడు.

ఇరవై నిమిషాలకి బావమరిది ఓడాడని పక్క చానెలు చెప్పేసింది. ఎడిటరు వచ్చి, "ఏం మాస్టారూ, ముహూర్తం చూస్తున్నారా?" అన్నాడు. మళ్లీ ఫోను. ఈసారి బావమరిదే.

"బావా, పక్క చానెలువాడు నన్ను ఓడించేశాడు! ఇక్కడ సగంమంది లేచారు. నేనే కూర్చోబెట్టా. మా బావ లెక్క ఇంతవరకు తప్పలేదు, మా బావ చెప్పలేదంటే నేనింకా పోటీలో ఉన్నట్టే అన్నా. అంతేగా?"

లెక్కలాయన కలం తీశాడు.

"లైన్లో ఉండు," అని సంతకం పెట్టాడు.

అద్దం అవతల వార్తలు చదివేవాడి పెదాలు కదిలాయి. కాసేపటికి అదే మాట ఫోన్లోంచి, వాళ్లింటి టీవీ గొంతుతో వినపడింది. తెర మీద బావమరిది ఇంకా రెండువేల వంద ముందే ఉన్నాడు. గెలుపు టిక్కు మాత్రం ప్రత్యర్థి పేరు పక్కన పడింది.

"నువ్వేనా బావా?"

"ఊఁ."

"సరే. ఉంటా మరి."

పక్క సీటావిడ ఇంకో నియోజకవర్గం కాగితం తోసింది. ఆయన చదవడం మొదలుపెట్టాడు.