మేస్త్రమ్మ కొన్న స్థలం

మేస్త్రమ్మ ఇరవై రెండేళ్లుగా ఊళ్లో వాళ్లకు ఇళ్లు కడుతోంది. ఇటుకలు మోయడంతో మొదలుపెట్టి, తాపీ చేతబట్టి, ఆరుగురిని పెట్టుకుని పని చేయించే దాకా వచ్చింది. తానుండేది మాత్రం రెండు గదుల అద్దె ఇల్లు. ఇక సొంత స్థలం కొనాల్సిందేనని ఆ ఏడు ఆటో నడిపే భర్త పోరు పెట్టాడు.

బ్రోకరు మొదట చూపించింది రోడ్డు పక్క మూల స్థలం. చదునుగా, అద్దంలా ఉంది. భర్త అప్పుడే మనసులో మెట్లు కట్టేసి, ఆటో ఎక్కడ నిలపాలో కూడా చూసుకున్నాడు. ఆమె మాత్రం ఆటోలోంచి గునపం తెచ్చి మోకాలి లోతు తవ్వింది. పగిలిన పెంకులు, ప్లాస్టిక్ సంచులు, ఇంకాస్త లోపల నల్లటి బురద బయటపడ్డాయి. ఇది పూడ్చిన గుంట అనీ, పునాదికే సగం డబ్బు మింగేస్తుందనీ తేల్చి చెప్పింది. భర్త మొహం చిన్నబోయింది.

ఆ తర్వాత నెల రోజులు కాళ్లరిగేలా తిరిగారు. చివరికి ఆమెకు నచ్చింది లోపలి వీధిలో ఎవరూ కన్నెత్తి చూడని ఏటవాలు స్థలం. నిండా రాళ్లూ రప్పలూ. గునపం వేస్తే ఖంగుమంది.

"దీన్ని చదును చేసేసరికి మనం ముసలివాళ్లమైపోతాం," అన్నాడు భర్త.

"చదును చెయ్యం. కింద నీ ఆటో, పైన మన ఇల్లు."

అతను ఆ ఏటవాలు వంక మళ్లీ చూశాడు, ఈసారి కాస్త ఎక్కువసేపు.

ధరలో మూడో వంతు చేతిలో ఉంది. మిగతాదానికి బ్యాంకుకు వెళ్తే మేనేజరమ్మ జీతం చీటీ అడిగింది. మేస్త్రికి జీతం చీటీ ఎక్కడిది? తొమ్మిదేళ్ల పాస్‌బుక్కూ, ఒప్పుకున్న ప్రతి పనికీ రాయించుకున్న కాగితాలూ బల్ల మీద పెట్టింది. మేనేజరమ్మ అన్నీ తిరగేసి, ఇవి సరే గానీ పని కళ్లారా చూడాలంది.

శనివారం మేస్త్రమ్మ తాను కట్టిన మూడిళ్లకు ఆవిణ్ణి తీసుకెళ్లింది. రెండో ఇంట్లో రసమట్టం చేతికిచ్చి, నేల మీద ఎక్కడైనా పెట్టి చూసుకోమంది. మేనేజరమ్మ ఐదు చోట్ల పెట్టింది. ఎక్కడా అందులోని గాలి బుడగ నడిమి గీతలు దాటలేదు. ఆ ఇంటి పెద్దాయన పిలవకుండానే వచ్చి, కట్టి పదేళ్లయినా గోడకు వెంట్రుకంత బీట కూడా లేదని చెప్పాడు.

పది రోజులకు లోను మంజూరైంది. సంతకాల రోజున గుమాస్తా ఫారం చదువుతుంటే, వృత్తి దగ్గర 'కూలీ' అని వినబడింది.

"కూలీ కాదు బాబూ," అందామె నెమ్మదిగా. "మేస్త్రి అని రాయండి."

రెండూ ఒకటేగా అని గుమాస్తా గొణిగాడు. పక్కనే ఉన్న భర్త కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఒకటి కాదండీ. ఆవిడ కింద ఆరుగురు పనిచేస్తారు."

మేనేజరమ్మ కొత్త ఫారం తెప్పించింది.

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే ఇద్దరూ స్థలానికి వెళ్లారు. అతను తాడు రెండో కొస బిగించి పట్టుకుంటే, ఆమె సున్నంతో పునాదికి ముగ్గు పోసింది. ఎన్నో ఇళ్లకు పోసిన చేయే అయినా, మొదటి గీత వంకర పోతే చెరిపి మళ్లీ పోసింది. రెండో గీత తిన్నగా వచ్చింది. వంటింటి కిటికీ ఎటుండాలో ఈసారి ఎవరినీ అడగనక్కర్లేదు. భర్త మాత్రం తాడు వదలకుండానే, ఆ దారిన పోయే వాళ్లందరికీ, అడగకపోయినా సరే, ఆ ఇల్లు ఎవరు కడుతున్నారో చెబుతూనే ఉన్నాడు.